పెళ్ళిచూపులే కొలువైన కథ

బేతంచెర్లలో ఒక ఇంటికి పెళ్ళిచూపులకు వస్తున్నారంటే ఆ సంగతి వీధంతా తెలిసిపోతుంది. అరుగు మీది అవ్వలు గడప బయటి చెప్పుల జతలు చూసి వచ్చింది ఎంతమందో చెప్పేస్తారు. లోపల చాప, మైసూరుపాకు, కారాలు పెట్టిన పళ్ళెం, కాఫీ గ్లాసులు తెచ్చే అమ్మాయి. పోయి కబురు చేస్తామంటారు. ఆ కబురు రాకపోతే వీధి ఊరుకోదు. ‘ఏమయిందంటమ్మే?’ ‘కుదర్లేదంట అవ్వా.’ ఆ ఒక్క మాట చెప్పుకోలేక అమ్మాయి నాలుగు రోజులు గడప దాటదు.

పెళ్ళి నలుగురి ముచ్చట కావడం మనకు కొత్త కాదు. ఆళ్ళగడ్డ దగ్గరి అహోబిలం స్వామి సైతం పారువేట పేరుతో సంక్రాంతి పండగ కాగానే పల్లకీ ఎక్కి, తన పెళ్ళికి రమ్మని ఊరూరా తిరుగుతాడు. కాబట్టి పెళ్ళిచూపుల షోలు నడిపే టీవీ వాళ్ళు కొత్తగా కనిపెట్టింది పెళ్ళిచూపులనూ కాదు, చూసే జనాన్నీ కాదు. కాదనిపించుకున్న మనిషికి బజారులో ధర పలికించడం వాళ్ళు కనిపెట్టారు. అది మెట్టు మెట్టుగా జరిగింది.

మొదటి మెట్టు ఒక అడ్డుగోడ. 1965 డిసెంబరులో అమెరికాలో ఏబీసీ చానల్ ‘ది డేటింగ్ గేమ్’ మొదలుపెట్టింది. నిర్మాత చక్ బ్యారిస్. గోడకు ఇటు ఒక అమ్మాయి, అటు ముగ్గురు అబ్బాయిలు. మొహాలు కనబడవు. చిలిపి ప్రశ్నలు వేసి, జవాబులను బట్టి ఒకరిని ఎంచుకోవాలి. ఆ జంటను చానల్ ఖర్చుతో షికారుకు పంపేవారు, మిగిలిన ఇద్దరూ ఇంటిదారి పట్టేవారు. వచ్చినవాళ్ళ గురించి ఆరా తీయడం అంతంతమాత్రమే. 1978లో ఒక అమ్మాయి ఎంచుకున్న రాడ్నీ అల్కాలా అప్పటికే చిన్నపిల్ల మీద దాడి కేసులో జైలుకు వెళ్ళొచ్చినవాడు. వరుస హత్యలు చేసినవాడని తర్వాత బయటపడింది. మనిషి తీరు నచ్చక ఆమె షికారుకు వెళ్ళలేదు, బతికిపోయింది. మన పెళ్ళిళ్ళ పేరయ్యలు అంతకంటే నయం, ముందు ఊళ్ళో నాలుగిళ్ళలో విచారిస్తారు.

రెండో మెట్టు గులాబీ పువ్వు. 2000లో మైక్ ఫ్లైస్ అనే నిర్మాత ఫాక్స్ చానల్‌లో ఒక కోటీశ్వరుడికి వేదిక మీదే పెళ్ళి చేయించాడు. ఆ పెళ్ళి కొద్దికాలానికే రద్దయి పరువు పోయింది. దాంతో ఫ్లైస్ పెళ్ళిని పక్కనపెట్టి ఎంపికను వారాల తరబడి సాగదీశాడు. 2002 మార్చి 25న ‘ది బ్యాచిలర్’ వచ్చింది. ఒక వరుడు, 25 మంది అమ్మాయిలు. గులాబీ అందుకున్నవాళ్ళు ఉంటారు, అందనివాళ్ళు పెట్టె సర్దుకుంటారు. చివరిదాకా వచ్చి ఓడిపోయిన ట్రిస్టా రెన్‌ను జనం మరిచిపోలేదు. 2003 జనవరిలో ఆమెనే నాయికను చేసి ‘ది బ్యాచిలొరెట్’ నడిపారు. కాదనిపించుకున్న అమ్మాయే పాతిక మంది మగవాళ్ళలో ఒకణ్ణి ఎంచుకుని పెళ్ళాడింది. ఓటమి కూడా పెట్టుబడేనని ఆ రోజు తేలిపోయింది.

ఇక అసలు పని ఎడిటింగ్ గదిలో జరుగుతుంది. గని నుంచి వచ్చిన బండ బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో కోత పడి, నునుపు తేలి, అడిగిన కొలతకు తయారైనట్టే, గంటల కొద్దీ తీసిన మాటలు అక్కడ కోతపడి ఒకరు మంచివాళ్ళుగా, ఒకరు గయ్యాళిగా తయారవుతారు. తాను ఏ కొలతకు తెగిందీ పోటీదారుకు అందరితో పాటు టీవీలోనే తెలుస్తుంది.

ఈ సరుకు మన దేశానికి స్వయంవరం పేరుతో దిగింది. 2009లో ఎన్డీటీవీ ఇమాజిన్‌లో రాఖీ సావంత్ నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయింది. మరుసటి ఏడాది రాహుల్ మహాజన్ టీవీలోనే పెళ్ళి చేసుకున్నాడు, తర్వాత విడాకులయ్యాయి. 2018లో కలర్స్ తమిళ్‌లో నటుడు ఆర్య 16 మందిని చూసి చివరికి ఎవరినీ ఎంచుకోలేదు. అదే ఏడాది స్టార్ మాలో యాంకర్ ప్రదీప్ మాచిరాజుకు ‘పెళ్ళిచూపులు’ జరిగాయి. పెద్దరికం వ్యాఖ్యాత సుమ వహించారు. విశాఖపట్నం అమ్మాయి జ్ఞానేశ్వరి కాండ్రేగుల గెలిచారు. పెళ్ళి కాలేదు గానీ ఆమె సినిమాల్లో కథానాయిక అయ్యారు. సంబంధం తప్పింది, కొలువు కుదిరింది.

2015లో బ్రిటన్‌లో ‘లవ్ ఐలాండ్’ అనే ఇలాంటి షో వచ్చేనాటికి చేతిలో ఫోను, ఫోనులో ఇన్‌స్టాగ్రామ్ ఉన్నాయి. షోలో ఇచ్చేది కొద్దిగానైనా, బయటికొచ్చాక బట్టల కంపెనీలు, సబ్బుల కంపెనీలు వెంటపడతాయి.

2020లో నెట్‌ఫ్లిక్స్ ‘లవ్ ఈజ్ బ్లైండ్’తో బ్యారిస్ గోడ మళ్ళీ లేచింది. పది రోజులు గోడకు చెరోవైపు కూర్చుని మాట్లాడుకోవాలి, మొహం చూడకుండానే పెళ్ళికి ఒప్పుకోవాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన రెండో సీజన్‌లో షికాగో నుంచి దీప్తి వేంపాటి అనే డేటా అనలిస్టు వచ్చారు. ఆ ఇంటిపేరు చూసి తెలుగువాళ్ళు ‘మన పిల్లే’ అనుకున్నారు. అవతలివైపు అభిషేక్ ఛటర్జీ అనే పశువైద్యుడు. మాటలు కలిశాయి, నిశ్చితార్థమైంది. ఆమెను చూశాక మాత్రం తనకు ఆకర్షణ కలగడం లేదని అతను పక్కవాళ్ళతో చెప్పుకున్నాడు. అది కెమెరాలకెక్కింది. ఎర్రని పెళ్ళిబట్టల్లో, ఇరువైపుల చుట్టాల ముందు, దీప్తి వద్దన్నారు. తనను తానే ఎంచుకుంటున్నానన్నారు. అదే మాట ఆ ఏడాదే వచ్చిన ఆమె పుస్తకానికి పేరైంది. తోటి పోటీదారు నాటలీ లీతో కలిసి పాడ్‌కాస్టు కూడా నడిపారు. ఇన్నాళ్ళూ కాదనిపించుకున్నవాళ్ళకు ధర పలికింది. దీప్తి కాదని చెప్పి గెలిచారు.

ఆ సీజన్‌లోనే పాల్గొన్న జెరెమీ హార్ట్‌వెల్ 2022లో కోర్టుకెక్కాడు. వారానికి వెయ్యి డాలర్లిచ్చి రోజుకు 20 గంటల దాకా పని చేయించారని, మధ్యలో వెళ్ళిపోతే 50,000 డాలర్లు కట్టాలని బెదిరించారని అతని ఆరోపణ. నిర్మాణ సంస్థ కాదంది. 2024లో 14 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డిసెంబరులో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఒకటి, ఈ షోలో పాల్గొన్నవాళ్ళు ఉద్యోగులేనంటూ సంస్థ మీద ఫిర్యాదు నమోదు చేసింది.

కాబట్టి రేపు మన నంద్యాల జిల్లా నుంచి ఎవరైనా ఇలాంటి ఆడిషన్‌కు బయలుదేరితే, అవతల కూర్చున్న వరుడి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు సంతకం పెట్టమన్న కాగితం చదవాలి. రోజుకు ఎన్ని గంటలు, కూలి ఎంత, మధ్యలో వచ్చేస్తే కట్టాల్సింది ఎంత, తన మాటలు కోసి అతికించే హక్కు ఎవరిది? ఏ కొలువుకైనా అడిగే ప్రశ్నలే ఇవి.