దీర్ఘకాలిక దురద

ఆరు వారాలు దాటినా తగ్గని దురదను వైద్యులు దీర్ఘకాలిక దురద అంటారు. జిల, నవ అనేవి దీనికి పాత తెలుగు మాటలు. గోకాలనిపించే బాధే దురద అని జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ 1660లో చెప్పాడు. అంతకంటే మంచి నిర్వచనం ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు.

పుట్టుక

దురదను చాలాకాలం ఒక సన్నపాటి నొప్పిగానే లెక్కగట్టారు. చర్మంలోని సన్నని నరాల్లో కొన్ని హిస్టమిన్ అనే రసాయనానికి స్పందించి దురద కబురు మోస్తాయని 1997లో తేలింది. దోమ కుట్టినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా జరిగేది ఇదే. హిస్టమిన్‌ను అడ్డుకునే సెట్రిజిన్ బిళ్ళ బాగా పనిచేసేదీ అక్కడే. కానీ నెలల తరబడి వేధించే దురదల్లో చాలావాటికి హిస్టమిన్‌తో పనిలేదు. దూలగొండి కాయ నూగు ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని మ్యూకునైన్ అనే ఎంజైము హిస్టమిన్ ప్రమేయం లేకుండానే నరాలను రేపుతుంది. రోజూ బిళ్ళ మింగుతున్నా దురద పోవడం లేదని చాలామంది అనడానికి కారణం ఇదే. బిళ్ళ తెచ్చే మత్తుకు నిద్ర పడుతుంది కాబట్టి పనిచేసినట్టు అనిపిస్తుంది.

గోకితే కలిగే చిన్న నొప్పి వెన్నుపాములో దురద కబురును కాసేపు ఆపుతుంది, హాయిగా ఉంటుంది. ఈలోగా గోళ్ళకు చర్మం పైపొర చెదిరి, వాపు పెరిగి, దురద మళ్ళీ మొదలవుతుంది. ఏళ్ళ తరబడి గోకిన చీలమండ దగ్గరో మెడ వెనకో చూస్తే చర్మం నల్లబడి, మందమెక్కి, గీతలు తేలి ఉంటుంది.

కారణాలు

పెద్దవయసులో మామూలు కారణం చర్మం పొడిబారడం. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక పిల్లలకు వచ్చేది చాలావరకు ఎగ్జిమా. గజ్జిని కంటికి ఆనీ ఆనని పురుగు కలిగిస్తుంది. ఇటలీ వైద్యుడు బొనోమో 1687లోనే దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించాడు. రాత్రిపూట ఎక్కువవడం, వేళ్ళ సందుల్లో పొక్కులు, ఇంట్లో మరొకరికీ ఉండడం దాని ఆనవాళ్ళు.

దద్దురూ పొక్కూ లేకుండా ఒళ్ళంతా దురదగా ఉంటే కారణం లోపల వెతకాలి. మూత్రపిండాల వ్యాధి, పైత్యరసాన్ని అడ్డగించే కాలేయ జబ్బులు, థైరాయిడ్, ఇనుము లోపం, అరుదుగా రక్త క్యాన్సర్లు ఇలా బయటపడతాయి. అలాంటి రోగి వీపు చూస్తే చెయ్యి అందిన మేరా గోళ్ళ గీతలుంటాయి, అందని నడిమి భాగం మాత్రం నున్నగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి చోట్ల డయాలసిస్ మీద బతుకుతున్నవారికి ఈ దురద కొత్త కాదు.

ఉపశమనం

కారణం ఏదైనా ముందు చర్మానికి తడి నిలపాలి. మరిగే నీళ్ళు మాని గోరువెచ్చని నీళ్ళు పోసుకోవాలి, సబ్బు తగ్గించాలి, సున్నిపిండితో గట్టిగా రుద్దడం ఆపాలి. ఒళ్ళు అద్దుకున్న రెండు మూడు నిమిషాల్లోనే, ఇంకా చెమ్మ ఉండగా, కొబ్బరినూనో పెట్రోలియం జెల్లీయో పట్టించాలి. ఖరీదైన క్రీము కంటే రోజూ తప్పకుండా రాయడమే ముఖ్యం. దురద లేచినప్పుడు గోకే బదులు తడిగుడ్డ వేస్తే చల్లదనానికి నరాలు శాంతిస్తాయి. గోళ్ళు కత్తిరించుకుంటే సగం నష్టం తప్పుతుంది.

గజ్జికి 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా, రాత్రి రాసి ఉదయం కడుక్కోవాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోకపోతే పురుగు ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుంది. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చు. మందు పనిచేయలేదనుకుని పదేపదే పూస్తే చర్మం మండిపోతుంది.

మన దగ్గర అసలు చిక్కు బూజు వల్ల వచ్చే తామరతో. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపూ దురదా తగ్గి గుణమిచ్చినట్టు ఉంటుంది, బూజు మాత్రం చాపకింద నీరులా పాకుతుంది. మామూలు మందులకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినే అనే రకానికి 2020లో పేరు పెట్టారు. ఆ పేరులోనే ఇండియా ఉంది. ఎగ్జిమాకు అదే స్టెరాయిడ్ వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తుంది. తీవ్రమైన ఎగ్జిమాకు డుపిలుమాబ్ ఇంజెక్షను 2017 నుంచి వాడుకలో ఉంది. డయాలసిస్ రోగులకు వైద్యులు గాబాపెంటిన్ తక్కువ మోతాదులో ఇస్తారు.

నెలలు నిండుతున్న గర్భిణికి పొక్కులేమీ లేకుండా అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు దురద పెడితే ‘వేడి చేసింది’ అని వదిలేయకూడదు. అది కాలేయంలో పైత్యరసం నిలిచిపోవడం వల్ల కావచ్చు. ఆ స్థితి కడుపులోని బిడ్డకు ప్రమాదం కాబట్టి రక్తపరీక్ష అదే రోజు చేయించాలి.