పాప్ శబ్దము – రవీందరురెడ్డి శిరోమూర్తులు

సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాలలో మోమునఁ బసుపు పూసికొని, పెద్దబొట్టు పెట్టి, కొప్పునఁ బూలు ముడిచి వచ్చు స్త్రీలను జూచినవారికి జి. రవీందరురెడ్డి శిల్పములు క్రొత్తగాఁ దోఁపవు. 1956లో సూర్యాపేటలో జన్మించి, బడోదాలోను లండనులోను విద్య నభ్యసించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధించిన యీ శిల్పి, ఫైబరుగ్లాసుతో మహాకాయములగు స్త్రీశిరస్సులను బోఁతపోసి, మోటారుబండ్ల రంగును, బంగారురేకును వానికద్దెను.

విమర్శకులు వీనిని పాప్ కళ యందురు. పాప్ శబ్దము ప్రజాసంబంధి యను నర్థముగల యాంగ్లపదమునకు సంక్షేపము. అదే 1956లో లండనున రిచర్డు హామిల్టను పత్రికల కత్తిరింపులతో నొక పటమును గూర్చెను. 1962లో నమెరికాలో వార్హోలు సూపుడబ్బాలను జిత్రించెను. అంతట నా పదము అంగడిసరకునందు రూఢమైనది. ఈ శిరస్సులకు రూఢ్యర్థము చాలదు; యోగార్థమే చెల్లును. రంగు మాత్రము అంగడిది, నిజమే. కొప్పును బొట్టును వీథిఁ బోవు స్త్రీవి. ఱెప్ప వాల్పని విశాలనేత్రము గ్రామదేవతది. దానినే శిల్పి తన స్వకీయముద్రగాఁ జేసికొనెను.