తీయమంటే తీసేవారేరీ?

మా అమ్మ తరం ఆడవాళ్ళు దాన్ని ‘లూపు’ అనేవారు. రెండు ‘ఎస్’ అక్షరాలను ఒకదాని కింద ఒకటి చేర్చినట్టుండే తెల్లటి పాలిథిన్ తీగ, చివర నైలాన్ దారం. సన్నని గొట్టంలో సాగదీసి గర్భాశయంలోకి నెడితే, లోపల మళ్ళీ తన వంపులు తిరిగేది. అమెరికాలో బఫెలో నగరపు డాక్టర్ జాక్ లిప్పీస్ రూపొందించిన ఈ సాధనాన్ని మన ప్రభుత్వం 1965లో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి తెచ్చింది. కాన్పూరులో ఫ్యాక్టరీ పెట్టి మరీ తయారుచేయించింది.

1966-67లో దేశం మొత్తమ్మీద 9 లక్షల మందికి పైగా లూపు వేశారు. మరో రెండేళ్ళకు ఆ సంఖ్య 5 లక్షల లోపుకు పడిపోయింది. లూపు గుండెకెక్కుతుందన్న పుకార్ల వల్లేనని చాలాకాలం చెప్పుకున్నారు. నాకు ఆ మాట మింగుడుపడదు. చాలామందికి నెలసరిలో రక్తం ఎక్కువ పోయింది, పొత్తికడుపులో నొప్పి పట్టుకుంది. అసలే రక్తం తక్కువున్న ఒళ్ళు. ఇలా కావచ్చని ముందు చెప్పిన వారు తక్కువ. శిబిరంలో లూపు వేసిన డాక్టరు సాయంత్రానికి జీపెక్కి వెళ్ళిపోతే, ఆమె ఎవరి దగ్గరికి పోవాలి? వేయడానికి లక్ష్యాలుండేవి, కేసుకింతని డబ్బులుండేవి. తీయడానికి అవేవీ లేవు. పుకారు పుట్టింది ఆ ఖాళీలోనే.

ఆ తరువాత కాపర్ టీ వచ్చింది. లూపు కంటే చిన్నది, మెరుగైనది. రాగి వీర్యకణాలను పనిచేయనివ్వదు. 2002లో ప్రభుత్వ కార్యక్రమంలో చేరిన 380ఎ రకం పదేళ్ళు పనిచేస్తుంది. అయినా జనం దాని వైపు మళ్ళలేదు, ఎందుకంటే దారి అప్పటికే మరోవైపు పడిపోయింది. ఎమర్జెన్సీలో మగవాళ్ళను పట్టుకెళ్ళి చేసిన వేసెక్టమీల గాయం తరువాత, ఏ ప్రభుత్వమూ వాళ్ళ జోలికి పోయే సాహసం చేయలేదు. భారమంతా ఆడవాళ్ళ ఆపరేషన్ మీద పడింది. మన దగ్గర అది మరీ ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద అది 38 శాతం. కాపర్ టీ వాడేవారు దేశంలో రెండు శాతం చిల్లర. తొందరగా పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్: ఈ వరసలో కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం పెట్టుకునే సాధనానికి చోటెక్కడ?

గర్భనిరోధక ఇంజెక్షన్ కథ మన గడపలోనే నడిచింది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో రెండు నెలలు పనిచేసే నెట్-ఎన్ ఇంజెక్షన్‌ను ప్రయోగాత్మకంగా ఇవ్వబోయారు. అది ప్రయోగమన్న సంగతి, దుష్ఫలితాల సంగతి అక్కడికొచ్చిన ఆడవాళ్ళకు సరిగా చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం గమనించింది. మరుసటి ఏడాది ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు 2000 దాకా నడిచింది. వాళ్ళు మందును మాత్రమే కాదు, చెప్పకుండా ఇవ్వడాన్ని ఎదిరించారు. వాళ్ళు అడ్డుపడి మంచిపని చేశారనే నేను నమ్ముతాను. 2017లో మూడు నెలల ఇంజెక్షన్ ‘అంతర’ పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లోకి వచ్చినా, ఆనాటి ప్రశ్న పాతబడలేదు.

లూపు కాలం నుంచీ ఉన్న ఆ లక్ష్యాలను 1996లో రద్దు చేశారు. ఇప్పుడు కాన్పయిన 48 గంటల్లోపే కాపర్ టీ పెట్టే పద్ధతి ఉంది. ఎంతో వీలైన పద్ధతే, కానీ దాని గురించి గర్భిణిగా ఉన్నప్పుడే తీరిగ్గా మాట్లాడాలి. నొప్పులు పడుతున్న మనిషి తలూపితే అది ఒప్పుకోలు కాదు. ఇక తీయడమా, మత్తు కూడా అక్కర్లేదు. దారం పట్టుకుని నెమ్మదిగా లాగితే చాలామందికి నిమిషంలో వచ్చేస్తుంది. రక్తం ఎక్కువ పోతోందని వచ్చిన మనిషిని “ఇంకో రెండు నెలలు ఓర్చుకో” అని పంపేశారనుకోండి, ఆ మాట ఆమె ఇంటికి చేరేలోపే వీధంతా చేరుతుంది. పక్కింటి కోడలు ఇక పెట్టించుకోదు.