పాళ్ళు చూడని నోటు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. పోచంపల్లివాణ్ణి గనుక మా చీరల గురించో, 1951 ఏప్రిల్ 18న వినోబాజీకి వెదిరె రామచంద్రారెడ్డిగారు ఇచ్చిన 100 ఎకరాల గురించో వ్రాస్తాననుకుని ఉంటారు. అవి మీకు తెలిసినవే. నేను అల్యూమినియం పోత గురించి వ్రాస్తున్నాను. కారణం చివర చెబుతాను.

మా ఇళ్ళలో దీన్ని ‘సిల్వర్’ అంటాం. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ విద్యుత్తుతో దీన్ని తీసే పద్ధతి వేర్వేరుగా కనుగొన్న తర్వాతే ఇది చౌకైంది. 1898 ప్రాంతంలో మద్రాసు ఆర్ట్స్ స్కూలులో చాటర్టన్ దొర దీనితో పాత్రలు చేయించాడు. అయితే రేకును గిన్నెగా మలచడం వేరు, కరిగించి అచ్చులో పోయడం వేరు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. కానీ మెత్తన, గట్టిపడేటప్పుడు 6 శాతానికి పైగా కుంచించుకుపోతుంది, అచ్చు మూలల్లోకి సరిగా పారదు. అందుకే వేరే లోహాలు కలుపుతారు.

రైటు సోదరుల 1903 నాటి విమానం ఇంజను పెట్టెను సుమారు 8 శాతం రాగి కలిపి పోతపోశారు. రాగి బలమిస్తుంది, కానీ చల్లారేటప్పుడు పగుళ్ళ భయం, తర్వాత తుప్పు భయం. పోతకు సిలికాన్ ప్రాణం వంటిది. 12 శాతం దాకా కలిపితే సుమారు 577 డిగ్రీలకే కరిగి చక్కగా పారుతుంది, కుంచింపు తగ్గుతుంది. కానీ దాని స్ఫటికాలు ముతకగా ఉంటే పోత పెళుసవుతుంది. 1920 ప్రాంతంలో పాట్జ్ అనే ఆయన కొద్దిపాటి సోడియం లవణంతో ఆ స్ఫటికాలను సన్నపరిచాడు. ఇనుము కొంచెం ఉంటే లోహం ఉక్కు అచ్చుకు అంటుకోదు. ఎక్కువైతే లోపల సూదుల్లా పేరుకుని పోతను విరగ్గొడుతుంది.

ఈ పాళ్ళ సంగతి మనకు కొత్త కాదు. 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరులో జింకుకు కొద్దిగా రాగి కలిపి బిదిరి పాత్రలు పోసేవారు, ఇప్పటికీ పోస్తున్నారు.

ఇక కారణం. 1980లలో నేను గుమాస్తాగా ఉండగా ఒక ఆఫీసుకు పంపుల మూతలు పోయించారు. మూడు కొటేషన్లలో తక్కువ ధరదానికి నోటు పెట్టింది నేనే. ‘అల్యూమినియం’ అన్న మాట చూశాను గాని, ఏది ఎంత కలుపుతారో వ్రాయవలసిన గడి ఖాళీగా ఉన్న సంగతి చూడలేదు. ఆరు నెలలకు మూతలు బోల్టుల దగ్గర పగిలాయి. తుక్కు కరిగించి పోశారనీ, ఇనుము మోతాదు మించిందనీ పరీక్షలో తేలింది. మెమో స్టోర్‌కీపరుకు వచ్చింది. అతని ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. నోటు నాదని నేను నోరు విప్పలేదు.

ఆయన ఇప్పుడు లేరు. ఆనాడే చెప్పవలసిన మాట, ఆలస్యంగానైనా సంఘం ముందు చెబుతున్నాను.