నార, జిగురు: అండమాన్ బాణం నుంచి ముద్రించిన వస్తువు వరకు

పల్లెల్లో మట్టిగోడ పెట్టడం మీరు చూసే ఉంటారు. బురదలో వరిగడ్డి వేసి బాగా తొక్కి, ఆ తర్వాతే గోడ పెడతారు. గడ్డి కలపని గోడ ఎండగానే బీటలు వారుతుంది. పెళుసైన పదార్థానికి పోగులు తోడైతే అది తట్టుకుని నిలుస్తుంది. ఈ సూత్రాన్నే మన తీరానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతంలోని అండమాన్ దీవుల వేటగాళ్లు మరో రూపంలో వాడుకున్నారు.

పంది వేట బాణం

1858లో బ్రిటిష్ వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం ఏర్పాటు చేశారు. (2024లో ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) తర్వాతి దశాబ్దాలలో అక్కడ అధికారిగా పనిచేసిన ఇ.హెచ్. మాన్ గ్రేట్ అండమానీయుల భాషను, పనిముట్లను శ్రద్ధగా నమోదు చేశాడు. వారి పంది వేట బాణం మొన ఊడివచ్చే రకం. మొనకూ కర్రకూ మధ్య చిన్న తాడు ఉంటుంది. బాణం తగిలిన పంది పరుగెత్తగానే మొన ఊడుతుంది, వెనుక ఈడ్చుకుపోయే కర్ర పొదల్లో చిక్కుకుని పందిని నిలిపేస్తుంది.

అంత లాగుడును తట్టుకోవాలంటే ఇనుప మొనను పట్టి ఉంచే కట్టు ఎంత గట్టిగా ఉండాలి! అందుకు వారు 'యోల్బా' అనే తీగమొక్క నారతో దారం పేని చుట్టేవారు. దానిపైన చెట్టుజిగురు, తేనెమైనం, జేగురు కలిపి కాచిన ముద్దను పూసేవారు. దీని పేరు 'కాంగటా-బూజ్'.

ఇందులో విజ్ఞానం ఏమిటి? ఒట్టి దారం జారుతుంది, ఒట్టి జిగురు పగులుతుంది. రెండూ కలిస్తే లాగుడును నార మోస్తుంది. జిగురు ఆ పోగులను కదలకుండా పట్టి ఉంచి, బలాన్ని ఒక పోగు నుంచి మరొక పోగుకు అందిస్తుంది. మైనం జిగురులోని పెళుసుదనాన్ని తగ్గిస్తుంది.

ఆ బాణాలు చేసిన చేతులు ఏమయ్యాయి? స్థావరంతోపాటు వచ్చిన అంటువ్యాధులు గ్రేట్ అండమానీయులను తుడిచిపెట్టాయి. 1901 జనాభా లెక్కల్లో వారు 625 మంది. 1961 నాటికి మిగిలింది 19 మంది. ఒక పదార్థ విజ్ఞానం అంతా కొద్దిమంది జ్ఞాపకాలలోకి, మ్యూజియం అలమారాలలోకి కుదించుకుపోయింది.

ఫ్యాక్టరీలో అదే జత

ఇదే సమస్య 20వ శతాబ్దపు పరిశ్రమకూ ఎదురైంది. 1907లో లియో బేక్‌లాండ్ రూపొందించిన బేకలైట్ పెళుసుగా ఉండేది. అందువల్ల దానిలో రంపపు పొట్టు, నూలుబట్ట వంటివి చేర్చారు. 1930లలో అమెరికాలో గాజునార తయారీ పెద్ద ఎత్తున మొదలైంది. దానిని పాలియెస్టర్ రెజిన్‌తో కలిపి పడవలు చేశారు. అండమాన్ జాలర్లు నేడు వాడే ఫైబర్ పడవలు ఈ వంశానివే.

కాంతితో గట్టిపడే రెజిన్

1980లలో జపాన్‌లో హిడియో కొడామా, అమెరికాలో చార్లెస్ హల్ మరో దారి తెరిచారు. ద్రవ రెజిన్‌పై అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తే, కాంతి పడినచోట అది గట్టిపడుతుంది. ఇలా పొర మీద పొరగా వస్తువును ముద్రించవచ్చు. హల్‌కు 1986లో పేటెంట్ లభించింది. ఇలా గట్టిపడిన రెజిన్‌లో అణువుల గొలుసులు దట్టంగా పెనవేసుకుపోయి, ఒకదానిపై ఒకటి జారలేవు. అందుకే చాలా రెజిన్లు దెబ్బకు పగులుతాయి.

మరి నార కలిపితే? ఒక లెక్క చూద్దాం. గాజునార దృఢత్వం సుమారు 70 గిగాపాస్కల్, రెజిన్‌ది సుమారు 3. ఘనపరిమాణంలో 10 శాతం నారను ఒకే దిశలో పేరిస్తే, ఆ దిశలో దృఢత్వం (0.1 × 70) + (0.9 × 3) = 9.7 గిగాపాస్కల్. మూడు రెట్ల పైమాట! అయితే అడ్డదిశలో అది 3.3 మాత్రమే. అంటే లాభం దాదాపు లేనట్టే.

చిక్కులు ఇంకా ఉన్నాయి. నార ఎక్కువైతే రెజిన్ చిక్కబడి పొర సమంగా పరుచుకోదు. తునకలు అడుగుకు చేరతాయి. నల్లని కార్బన్ నార కాంతిని మింగేసి, కింది రెజిన్‌ను గట్టిపడనివ్వదు. గాజునార కాంతిని పోనిస్తుంది, కానీ దాని ఉపరితలానికి రెజిన్ బాగా అంటుకునేందుకు సైలేన్ పూత అవసరం. పైగా ముద్రణలో తునకలు పొరల వెంట పడుకుంటాయి. ఒక పొరను మరొక పొరతో కుట్టే పోగు ఉండదు.

దీవులలో ఈ ప్రశ్న చిన్నది కాదు. పడవ ఇంజనులో ఒక భాగం విరిగితే, కొత్తది ఓడలోనో విమానంలోనో రావాలి. అక్కడికక్కడే ముద్రించుకోగలిగితే ఎన్నో రోజులు కలిసివస్తాయి. కాని నడిసముద్రంలో అది విరిగితే ప్రాణానికే ముప్పు. కాబట్టి నార కలిపామా అన్నది ఒక్కటే చాలదు, బలం ఎటు పడుతుందో నార అటు ఉందా అన్నదీ చూడాలి. పంది ఎటు లాగుతుందో తెలిసి దారం చుట్టిన ఆ వేటగాడికి ఈ పాఠం బాగా తెలుసు.