మరుగుజ్జు దయ్యాల సర్వీసు రిజిస్టరు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ముప్పై ఏళ్లు ఫైళ్లతో కాపురం చేసినవాణ్ణి గనుక దయ్యాలకు సైతం కేడర్లు నిర్ణయించి ఈ వ్యాసం సమర్పించుకుంటున్నాను.

మన దయ్యాలలో బ్రహ్మరాక్షసుడిది గెజిటెడ్ హోదా. చదువుకున్నవాడు, చెట్టు దిగడు. కొరివి దయ్యానిది రాత్రి డ్యూటీ. మంట పట్టుకుని పొలిమేరలో తిరుగుతుంది. మూడవది మరుగుజ్జు దయ్యం. దీనికి జీతం లేదు, టి.ఏ. లేదు, నోరు అసలే లేదు. పట్టపగలే వస్తుంది. పైగా మన వయసువారి ఇళ్లకే ఎక్కువగా వస్తుంది.

నవ్వకండి, దీనికి రికార్డు ఉంది. జెనీవా నగరంలో చార్లెస్ లులిన్ అనే మాజీ న్యాయాధికారి, అంటే మనబోటి రిటైరైన వృద్ధుడే, 90కి చేరువైన వయసులో చూపు మందగించాక మనుషులను, పక్షులను, బండ్లను, భవనాలను లేనిచోట చూడసాగాడు. అవి నిజం కావని ఆయనకు తెలుసు. మతి స్థిరంగానే ఉంది. తాను చూసినవన్నీ చెప్పి రాయించాడు. ఆయన మనుమడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనె, 1760లో తన గ్రంథంలో ఈ సంగతి ప్రకటించాడు. తాతగారి కాగితం మాత్రం 1902 దాకా అచ్చు కాలేదు. మన ఫైళ్లే నయం! తరువాత వైద్యులు ఈ స్థితికి మనుమడి పేరే పెట్టారు.

మన పెద్దలు భ్రాంతికి తాడును, పామును ఉదాహరణగా చెప్పారు. ఇక్కడ తాడు కూడా లేదు. కన్ను పంపే సమాచారం తగ్గితే మెదడు ఖాళీగా కూర్చోక సొంతంగా బొమ్మలు గీస్తుందట.

ఇదంతా ఎందుకు చదివానంటారా? నీటికాసులతో చూపు తగ్గిన మా అక్కయ్య ఒకనాడు తలుపు దగ్గరగా వేసి, "ఒరే తమ్ముడూ, గోడ మీద జానెడు మనుషులు తలపాగాలు కట్టుకుని నడుస్తున్నారు. పిల్లలతో అనకు, పిచ్చిదంటారు" అంది. ఏడాదిగా ఒంటరిగా మోసిందట ఆ భయాన్ని. కంటి డాక్టరు గారు విని, "ఇది పిచ్చి కాదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆవిడ ఏడ్చేసింది. మనుషులు ఇంకా అప్పుడప్పుడు వస్తూనే ఉన్నారు. భయం మాత్రం పోయింది.

కాబట్టి సోదర పెన్షనర్లారా, కనబడితే దాచకండి. కంటి డాక్టరుకు చెప్పండి. మాటలు కూడా వినిపించినా, తికమక కలిగినా కారణం వేరే కావచ్చు, ఆలస్యం చేయకండి. ఇంట్లోవారికి నా మనవి ఒక్కటే: భూతవైద్యుడి కోసం పరుగెత్తే ముందు పెద్దవారు చెప్పేది పూర్తిగా వినండి.