చిల్లై కలాన్‌లో హమ్‌సాయాలు

ఇంట్లో మనం ‘పడోస్ వాళ్లు’ అంటాం. ‘హమ్‌సాయా’ అనే మాట జుమా ఖుత్బాలోనో, ఉర్దూ కితాబుల్లోనో వినపడుతుంది. ఫార్సీలో ‘హమ్’ అంటే కలిసి, ‘సాయా’ అంటే నీడ. ఒకే నీడను పంచుకునేవాళ్లు హమ్‌సాయాలు. మే నెల మధ్యాహ్నం వరంగల్ గల్లీల్లో నడిచినవాళ్లకు ఈ మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కశ్మీర్‌లోనూ పొరుగువాళ్లను ఇదే మాటతో పిలుస్తారు. చలికాలం అక్కడ గోడ నీడన నిలబడేవాడెవడు? అందరికీ కావాల్సింది ఇంత ఎండ, ఇంత నిప్పు. మాట అదే అయినా అక్కడ పంచుకునేది వేరు. ఆ పంచుకోవడం తారీఖ్ ఏమిటన్నదే ఇక్కడ నా సవాల్.

కశ్మీర్ సర్దీకి దాని సొంత క్యాలెండర్ ఉంది. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆ పైన 10 రోజులు చిల్లై బచ్చా. పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి అనుకోండి. చిల్లా మనకు కొత్త మాటేం కాదు. కాన్పయిన ఆడపిల్లకు నలభై రోజుల చిల్లా పాటిస్తాం. జమాత్‌లో నలభై రోజులకు పోయేవాళ్లు చిల్లాకు పోయామంటారు. అన్నింటి వెనకా ఉన్నది ఫార్సీ ‘చెహెల్’, అంటే నలభై. కాన్పు చిల్లాలో చుట్టుపక్కల ఆడవాళ్లు వంతులేసుకుని బాలింతను ఎట్లా చూసుకుంటారో మన ఇళ్లల్లో చూసినదే. చిల్లై కలాన్‌లో ఊరు ఊరంతా అట్లా బాలింతలా ఉంటుంది.

2024 డిసెంబర్ 21 తెల్లవారుజామున శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. డిసెంబర్ నెలలో అంత చలి 50 ఏళ్లలో లేదు. ఆదిలాబాద్‌లో 6 డిగ్రీలకు దిగితే మేము మొదటి పేజీలో వేస్తాం. అక్కడ నల్లాల్లో నీళ్లు గడ్డకడితే కాగితాలు ముట్టించి పైపులకు సెగ పెడతారు.

ఈ చలిలో మనుషులు అసలు ఉండగలరా అన్న ప్రశ్న ఆ నేల మీద చాలా పాతది. నీలమత పురాణం అనే పాత సంస్కృత గ్రంథంలో ఒక కిస్సా ఉంది. చలికాలం ఆరు నెలలు లోయ పిశాచాలది. మనుషులు ఎండాకాలం ఆరు నెలలే ఉండి, మంచు పడే ముందు బయటికి వెళ్లిపోవాలి. ఒక ఏడాది ఒక ముసలి బ్రాహ్మడు, చంద్రదేవుడు, అందరితో పాటు పోలేక ఆగిపోతాడు. నాగుల రాజు నీలుడు ఆయన మొర విని, కొన్ని ఆచారాలు పాటిస్తే మనుషులు ఏడాదంతా ఉండొచ్చని చెబుతాడు. ఆ ఆచారాల్లో ఒకటి నాకు చాలా నచ్చింది. మొదటి మంచు పడిన రోజు దోస్తులను, బంధువులను పిలిచి దావత్ చేసుకోవాలి. పిశాచాలను నమ్మనివాడు కూడా ఇందులో ఉన్న అక్కల్‌ను కాదనలేడు. చలి మొదలవుతున్న రోజే ఎవరు ఎక్కడున్నారో, ఎవరి ఇంట్లో ఏముందో తెలిసిపోతుంది.

ఆ రవాయత్ ఇంకో రూపంలో ముసల్మానుల ఇళ్లల్లోనూ బతికింది. మొదటి మంచు పడగానే గుప్పెడు బర్ఫ్‌ను గుడ్డలోనో కాగితంలోనో చుట్టి దోస్త్ చేతిలో పెడతారు. అదేమిటో తెలియక తీసుకున్నవాడు ఓడినట్టు. గెలిచినవాడికి దావత్ ఇవ్వాలి. కాబూల్‌లోనూ ఇట్లాంటి ఆటే ఉంది, అక్కడ చీటీ రాసి పంపుతారు. ఈ దావత్‌కు కశ్మీర్‌లో అందరూ అడిగేది హరీసా. మాంసం, బియ్యం, సోంపు రాత్రంతా పెద్ద కుండలో ఉడికించి, మెదిపి, మెదిపి, ఫజర్ తర్వాత కాగిన నూనె పోసి ఇస్తారు. పాత శ్రీనగర్‌లో ఆలీ కదల్ వైపు దుకాణాల ముందు తెల్లారకముందే లైన్ కడతారు. కొత్తగా పెళ్లయిన బిడ్డ అత్తారింటికి హరీసా పంపడం అక్కడ తప్పనిసరి మర్యాద. మన హైదరాబాద్ హలీమ్ దీనికి దగ్గరి చుట్టం. మనది రంజాన్‌తో ముడిపడింది, వాళ్లది మంచుతో. ఏది రుచి అని మాత్రం అడగొద్దు, నేను హైదరాబాద్ మనిషిగానే జవాబిస్తాను.

హరీసా సంగతి ఇంతటితో ఆపి, అసలు విషయం హమామ్ దగ్గరికి వస్తాను.

మనకు హమామ్ అంటే స్నానాల గది. కశ్మీర్ మస్జిదుల్లో అది వేరే. మస్జిద్‌కు ఆనుకుని ఒక గది. దాని నేల పెద్ద పెద్ద రాతి పలకలు. పలకల కింద ఖాళీ జాగా. బయటి నుంచి అందులో కట్టెలు పెట్టి మంట చేస్తారు. వేడి, పొగ రాళ్ల కింద నుంచి ప్రయాణించి చిమ్నీలోంచి బయటికి పోతాయి. అదే మంట మీద రాగి పాత్రలో నీళ్లు కాగుతాయి, వుజూకూ స్నానానికీ. రాయి ఒకసారి వేడెక్కితే గంటల తరబడి చల్లారదు. ఫజర్ తర్వాత, ఇషా తర్వాత మనుషులు గోడలకు వీపు ఆనించి కూర్చుంటారు. ముసలివాళ్లు, ఇంట్లో బుఖారీ వెలిగించే స్తోమత లేనివాళ్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఊరికే గప్‌షప్‌కు వచ్చేవాళ్లు. ఒక జనవరిలో వార్తల పని మీద నాలుగు రోజులు శ్రీనగర్‌లో ఉన్నాను. మొహల్లా ఖబర్లన్నీ నాకు దొరికింది హమామ్‌లోనే. ఫలానా చాచా రెండు రోజుల నుంచి రాలేదేమిటని ఒకరు అడిగారు, ఇంకొకరు లేచి ఫెరన్ సర్దుకుని చూసిరావడానికి పోయారు. దాని మీద ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అయితే రాయి దానంతటదే వేడెక్కదు. కట్టెలు కావాలి, లారీల లెక్కన కావాలి. ఆకురాలు కాలంలోనే మస్జిద్ కమిటీ ఇంటింటికీ చందా వసూలు చేస్తుంది. మంట చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలి. పొగదారి శుభ్రం చేయించాలి. చందా ఇవ్వలేని ఇంటివాడూ అదే రాయి మీద కూర్చుంటాడు. కశ్మీరీల మెహ్మాన్‌నవాజీ గురించి రాసేవాళ్లంతా అది వాళ్ల రక్తంలోనే ఉందని రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. రక్తంలో ఉంటే చందా రసీదులెందుకు? అది ఏటేటా ఇంతెజామ్ చేసుకుని, జేబులోంచి తీసి, కట్టెలు కొట్టించి నిలబెట్టుకున్న సంగతి. శోర్వా చేసేటప్పుడు ఇంకొన్ని నీళ్లు పోసి హమ్‌సాయాకు పంపమన్న హదీస్ మనందరికీ తెలుసు. దానికీ ముందు రోజే కట్టెలు, గింజలు ఇంట్లో ఉండాలి కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొహల్లాలో సగం మంది ఈ హమామ్‌లో కనపడరు. మస్జిద్ హమామ్ చాలావరకు మగవాళ్లదే. ఆడవాళ్లకు ఇంటి వంటగది, ఫెరన్ లోపల కాంగ్డీ. కాంగ్డీ అంటే అల్లిన బుట్టలో మట్టి చట్టి, అందులో బొగ్గు నిప్పులు. చినార్ ఆకులు రాలగానే కాల్చి బొగ్గు చేసిపెట్టుకునే పని, ఎండాకాలంలోనే వంకాయ, సొరకాయ, టమాటా, టర్నిప్ కోసి దండలు గుచ్చి ఎండబెట్టే పని ఎక్కువగా ఆడవాళ్లదే. దారులు మూసుకున్నప్పుడు పక్కింటికి పోయే గిన్నెలో ఉండేది ఆ ఎండు కూరలే. ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతికిచ్చేది కాంగ్డీయే. దానికి మూల్యమూ ఉంది. ఏళ్ల తరబడి సెగ తగిలి తొడల మీద, పొట్ట మీద వచ్చే చర్మ క్యాన్సర్ గురించి 1866లోనే ఎల్మ్‌స్లీ అనే డాక్టర్ రాశాడు.

దారుల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. 1947కు ముందు లోయకు పెద్ద దారి జీలం వెంట ఉండేది. శ్రీనగర్ నుంచి బారాముల్లా, ముజఫ్ఫరాబాద్ మీదుగా రావల్పిండికి. సర్దీలోనూ అదే ఆసరా. కశ్మీరీలు తాగే నూన్ చాయ్‌లో వేసే ఉప్పు కూడా పంజాబ్ గనుల నుంచి ఆ దారినే వచ్చేది. 1947లో ఆ దారి తెగింది. లోయలో ఉప్పుకు కటకట వచ్చింది. మిగిలింది బనిహాల్ కనుమ. చలికాలం మంచుతో మూసుకుపోయే దారి అది. 1956లో జవహర్ సొరంగం తెరిచాక కొంత నయమైంది. అయినా మంచు, కొండచరియలు పడ్డప్పుడల్లా రోజుల తరబడి బంద్. 2025 జూన్‌లో చినాబ్ వంతెన మీదుగా రైలు మొదలయ్యేదాకా భారీ మంచులో నేల మీద వేరే భరోసా లేదు.

అంతకుముందు చరిత్రలో మంచు మనుషులను లోయ నుంచి తరిమిన రోజులున్నాయి. 1830ల మొదట్లో, సిక్కుల పాలనలో, వరి కోతకు రాకముందే మంచు పడి పంట పోయింది. భయంకరమైన కహత్. వేలాది మంది పంజాబ్‌కు నడిచి దిగారు. 1833 ప్రాంతంలో లుధియానాలో, అమృత్‌సర్‌లో స్థిరపడిన కశ్మీరీ నేతగాళ్ల మొహల్లాలు అట్లా పెరిగినవే. ఆ తర్వాత కూడా ఏటా చలికాలం కూలి కోసం కశ్మీరీలు పంజాబ్ షహర్లకు దిగేవాళ్లు. వీపు మీద బరువులు మోసే వాళ్లను అక్కడ ‘హాతో’ అని పిలిచేవాళ్లు.

2024 డిసెంబర్ 27న ఆ రాకపోకలు తిరగబడ్డాయి. పంజాబ్ నుంచి వచ్చిన కొందరు ముసాఫిర్లు సోన్‌మర్గ్ వైపు దారిలో గుండ్ అనే ఊరి దగ్గర మంచులో ఇరుక్కున్నారు. హోటళ్లు లేవు, దగ్గర ఇళ్లల్లో అంతమందికి జాగా లేదు. ఊరివాళ్లు జామా మస్జిద్ తలుపులు తెరిచి లోపల పడుకోబెట్టారు. మస్జిద్‌కు హమామ్ ఉంది, రాత్రంతా వెచ్చగా ఉంటుంది. వీడియో దేశమంతా తిరిగింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి ఆ రాళ్లను వేడి చేసిన కట్టెలు ఆ ఊరి చందాతో ముందే కొన్నవి. వచ్చేది ఎవరో తెలియకుండా కొన్నవి.

దీనికి ఐదేళ్ల ముందు, 2019 ఫిబ్రవరిలో, మంచు వల్ల జమ్మూ-శ్రీనగర్ హైవే కొన్ని రోజులు మూతపడింది. దారి తెరిచాక ఒకేసారి 78 వాహనాల కాన్వాయ్ కదిలింది. 14న పుల్వామాలో దాని మీద దాడి జరిగి 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. తర్వాతి రోజుల్లో ఎన్నో షహర్లలో కశ్మీరీ విద్యార్థుల మీద బెదిరింపులు, దాడులు. డెహ్రాడూన్ నుంచి పారిపోయిన పిల్లలకు మొహాలీలో గురుద్వారాలు, సిక్కు సోదరులు నీడనిచ్చి ఇళ్లకు చేర్చారు.

ఇట్లా మంచి కబుర్లే రాస్తే తారీఖ్ అనిపించుకోదు. 1990 జనవరి కూడా చిల్లై కలానే. మిలిటెంట్ల చేతుల్లో హత్యలు, బెదిరింపుల తర్వాత ఆ చలిలోనే పండిత్ కుటుంబాలు సామాన్లు వదిలి బనిహాల్ దాటాయి. ఆ తర్వాతి నెలల్లోనూ వెళ్లడం ఆగలేదు. ఒకే గోడ నీడన తరతరాలుగా ఉన్న హమ్‌సాయాలు వాళ్లు. కొందరు ముసల్మాన్ పడోసీలు కాపలా కాశారు. కొందరు భయపడి తలుపులేసుకున్నారు. భయపడ్డారన్నది నేను అర్థం చేసుకోగలను, మాఫీ ఇచ్చే హక్ మాత్రం నాది కాదు, వెళ్లిపోయినవాళ్లది. పుష్యమాసం అమావాస్య నాడు యక్షుడి కోసం ఖిచిడీ వండి బయట పెట్టే ఆచారం పండిత్‌లకు ఉంది, ఖేచి మావస్ అంటారు. పిశాచాల కిస్సా ఉన్న ఆ పాత చలికాలపు జ్ఞాపకమే అది. ఇప్పుడు చాలామంది దాన్ని జమ్మూలో, ఢిల్లీలో చేసుకుంటున్నారు.

మన దగ్గరికి ఈ సర్దీ వేరే రూపంలో వస్తుంది. నవంబర్ దాటగానే భుజాన మూట వేసుకుని శాలువాలు, ఫెరన్‌లు అమ్మే కశ్మీరీలు మన గల్లీల్లోకి దిగుతారు. అక్కడ పొలం పని ఉండని నెలలు వాళ్లకు ఇక్కడ కమాయీ నెలలు. ఆరేడుగురు కలిసి ఒక గది కిరాయికి తీసుకుంటారు. ఆ గది దొరకడమే కష్టం. పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదంటారు, మన మొహల్లాల్లోనూ అంటారు. శాలువా మాత్రం ఉధారుకిస్తారు, సంతకం లేదు, జామీన్ లేదు. ఒక చిన్న కాపీలో ఇంటి పేరు, బాకీ రాసుకుంటారు. ఫిబ్రవరిలో వసూలు చేసుకుని, మార్చి నాటికి తిరిగి వెళ్తారు.

2019లో పుల్వామా వాళ్లకు సరిగ్గా వసూళ్ల సమయంలో వచ్చింది. లక్నోలో మార్చి 6న డాలీగంజ్ వంతెన మీద మేవాలు అమ్ముకునే ఇద్దరిని కొట్టారు. దారిన పోయే ఒకాయన అడ్డం పడి ఆపాడు. అది టీవీల్లో చూసిన చాలామంది ఎక్కడివాళ్లక్కడ రైలెక్కారు. మా గల్లీకి వచ్చే బడ్గామ్ మనిషీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఏడిళ్ల బాకీ ఉండిపోయింది. మా అమ్మీ మాది రెండు వందలు తక్కువ రెండు వేలు బియ్యం డబ్బాలో పెట్టి ఉంచింది.

తర్వాతి డిసెంబర్‌లో వచ్చాడు. అమ్మీ ముందు చాయ్ ఇచ్చి, తర్వాత డబ్బు ఇచ్చింది. ఐదిళ్లవాళ్లు ఇచ్చేశారు. మిగతా రెండిళ్లకు ఆ ఏడు అతను వెళ్లి అడగలేదు, వాళ్లూ పిలిచి ఇవ్వలేదు. వాళ్ల పేర్లు ఆ కాపీలో ఇంకా ఉన్నాయి. నేను చూశాను.